కరోనాను కాల్చిన ఇస్త్రీ పెట్టె

నేను ఇస్త్రీ చేస్తుంటే నా నోటి తుంపరలో ఏడు రంగుల సింగిడి లేచేదని సూరత్‌లో సగం మందికి తెలుసు.

సగం మంది అన్నది ఎక్కువ. నవాగామ్‌లో మా గల్లీకీ, పక్క రెండు గల్లీలకూ తెలుసు. రంగులు కూడా ఏడు కావు, మూడో నాలుగో. అవైనా పొద్దున పది గంటల వేళ, ఎదురుగా ఉన్న రెండు బిల్డింగుల సందులోంచి ఎండ సరిగ్గా నా బల్ల మీద పడ్డప్పుడే. ఎండ లేని రోజు అది ఒక ముసలోడు మంది బట్టల మీద నీళ్లు ఊదడం, అంతే.

ఆ విద్య నేను ఇస్త్రీ కోసం నేర్చుకున్నది కాదు. మా నాయిన చేతిమగ్గం నేసేవాడు. ఎండాకాలం పడుగు ఎండిపోయి పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగేవి. నాయిన పుక్కిట నిండా నీళ్లు పట్టి, పెదాలు బిగించి, ఫుర్రుమని పడుగు మీద ఊదేవాడు. ఒక్కటి కూడా బొట్టుగా రాలకూడదు, మంచులా దిగాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆ పని నాకు అప్పగించాడు. మొదటి నెల పడుగు కంటే నా అంగీ ఎక్కువ తడిసింది.

పెద్దయ్యాక సూరత్ వచ్చి నలభై ఏళ్లు కరెంటు సాంచెల మీద బట్ట నేశాను. ఒక్కడినే పదహారు సాంచెలు నడిపానని అందరికీ చెబుతుంటాను. ఎనిమిది. ఆ ఎనిమిదే నా రెండు చెవులూ తినేశాయి. ఇప్పుడు నాకు కేకలు వినబడతాయి, మాటలు వినబడవు. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకుంటాను. సాంచెల మీద బతికిన వాళ్లకు ఇదొక రెండో చెవి.

ఇస్త్రీ బల్ల నాది కాదు, నా భార్యది. నేను ఖాతాలో, అంటే సాంచెల షెడ్డులో, ఉన్నన్నాళ్లూ ఆమె మెట్ల కింద బల్ల వేసుకొని, బొగ్గుల పెట్టె పట్టుకొని, చప్పుడు లేకుండా పని చేసుకుంది. ఆమె మడత పెట్టిన అంగీ విప్పి తొడుక్కోవాలంటే మనసొప్పేది కాదు. ఆమె పోయింది. ఆ తరువాతి ఏడు ఖాతాలో సేఠ్, దగ్గరి పోగులు పట్టడానికి నా కళ్లు ఇక పనికిరావన్నాడు. అప్పుడు ఆ బల్ల ముందు నేను నిలబడ్డాను.

అసలు సంగతి చెప్పనా? నాకు ఇస్త్రీ రాదు. ఇప్పటికీ కాలరు దగ్గర ఒక ముడత ఉండిపోతుంది. గల్లీ మూలన ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన భయ్యా ఒకతను బల్ల పెట్టుకొని ఉండేవాడు. అతను తీసిన ప్యాంటు గీతతో వంకాయలు కోయవచ్చు. పనిలో అతన్ని గెలవడం నా తరం కాదని మొదటి వారమే తెలిసింది. అందుకని తమాషాలో గెలుద్దామనుకున్నాను.

పెట్టెను గాలిలో ఒక చుట్టు తిప్పి బల్ల మీద దించేవాణ్ని. చెంబెత్తి పుక్కిట నీళ్లు పట్టి, తల పైకెత్తి, బాల్కనీల వైపు ఓరకంట చూసేవాణ్ని. ఎంతమంది చూస్తున్నారో లెక్క తేలాకనే ఊదేవాణ్ని. ఒక ఊపిరికి ఒక అంగీ, రెండు ఊపిర్లకు ఒక ప్యాంటు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. పెద్దవాళ్లు బట్టలు ఇచ్చి పోకుండా నిలబడి చూసేవాళ్లు. ఫువారావాలా కాకా, అంటే నీటిజల్లు బాబాయి, అని పేరు పడింది. కాలరు దగ్గరి ముడతను ఎవరూ చూడలేదు. చూసినా, మొహమాటానికి చూడనట్టే పోయారు.

ఇక ఆ మాయదారి రోగం వచ్చింది.

సాంచెలు ఆగిన రోజు నాలాంటి చెవిటివాడికి కూడా తెలిసింది. నేలలోంచి అరికాళ్లకు ఎప్పుడూ తగిలే అదురు లేదు. పాండేసర మిల్లుల దిక్కు పొగ లేదు. కొన్నాళ్లకు మనవాళ్లు బస్సులు మాట్లాడుకొని ఒక్కొక్క గల్లీ ఖాళీ చేసుకుంటూ తెలంగాణకు పోయారు. మూటలు మోసుకుంటూ నన్ను అడిగారు, నువ్వు రావా అని. "నాకు నలుగురు కొడుకులు. కారు పంపిస్తున్నరు, గదాంట్ల వస్త" అన్నాను. కారు రాలేదు.

ఆ రోజుల్లో నేను నా బట్టలన్నీ రోజూ ఇస్త్రీ చేశాను. చీపురుకు చుట్టిన గుడ్డ ఇస్త్రీ చేశాను. గోడ మీది క్యాలెండరు కూడా చేశానంటే నమ్మరు. అది మాత్రం నిజం. అంచులు మడతపడ్డాయి, చూడబుద్ధి కాక దించి, కాగితం మీద కాగితం పెట్టి చల్లారిన పెట్టెతో మెల్లగా దిద్దాను. ఇంకేం చేయాలో తోచక.

గల్లీ మళ్లీ తెరిచిన రోజు నా బల్ల ముందుకు వచ్చిన మొదటి మనిషి వరాఛాలో వజ్రాలు సానబట్టే పని చేసేవాడు. తెల్ల అంగీ ఇచ్చాడు. ఇన్నాళ్లకు ఒక అంగీ! నేను చెంబెత్తాను, పుక్కిటపట్టాను, ఆకాశం చూశాను, ఫుర్రుమని ఊదాను.

"కాకా!" అని అతను పెట్టిన కేక నాకు కూడా వినబడింది. బల్ల మీది అంగీని రెండు వేళ్లతో లాక్కున్నాడు. దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకొని పరుగెత్తాడు. బాల్కనీల్లోంచి ఒకరి తరువాత ఒకరు తిట్టారు. ఏం తిట్టారో నాకు తెలియదు. అందరి మూతులకూ మాస్కులు. వేళ్లు మాత్రం నా వైపు చూపించారు.

మూలన భయ్యా ఒక కొత్త స్ప్రే బాటిల్ కొన్నాడు. అందరూ అటే పోయారు. అతను చెడ్డవాడు కాదు, నాక్కూడా ఒక బాటిల్ తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. మూడు వారాలు ఒక్క బట్ట రాలేదు. బట్ట రాకపోతే మనిషి రాడు. మనిషి వచ్చినా మాస్కు వెనక ఉంటాడు, ఏమన్నాడో నాకు అందదు. పొద్దున బొగ్గులు రాజేసేవాణ్ని, అవి బూడిదయ్యేదాకా చూసేవాణ్ని, బల్ల మడిచి పైకి పోయేవాణ్ని. రోజంతా ఒక్క మాట నా కంట పడకుండా పోయిన రోజులు చాలా ఉన్నాయి. లెక్క చెబితే పెంచి చెప్పినట్టుంటుంది, అందుకని చెప్పను.

అప్పుడు నా బుర్రలో కొత్త తమాషా పుట్టింది.

చీరల అట్టపెట్టె ఒకటి చింపి బోర్డు చేశాను. మూడు భాషల్లో రాయించాను: "ఇక్కడ కరోనాను కాల్చి ఇస్తాం." వానకోటు తొడుక్కున్నాను. చీర మీద కప్పి వచ్చే ప్లాస్టిక్ కాగితంతో మొహానికి అద్దం కట్టుకున్నాను. బట్టలను చేత్తో తీసుకోకుండా, వెదురు కర్రకు కొక్కెం కట్టి ఆరడుగుల దూరం నుంచి అందుకున్నాను. బట్టను బల్ల మీద పరిచి, పెట్టెను పైకెత్తి, ఒక మూల దించేవాణ్ని. సుయ్‌మని చప్పుడొచ్చి తెల్లటి ఆవిరి బుస్సున లేచేది. నేను రెండు చేతులూ పైకెత్తి "గయా!" అనేవాణ్ని. పోయింది, సచ్చింది అని.

ఆ సుయ్ ఏమిటో చెబుతాను. బట్ట కింద, బల్ల మూలన, తడిపిన పాత గుడ్డ ఒకటి దాచేవాణ్ని. అంతే.

వారం తిరక్కుండా బాల్కనీలు నిండాయి. మనుషులకు కూడా చూడటానికి ఏదో ఒకటి కావలసి ఉంది. నేను పెట్టె దించగానే నాలుగంతస్తుల నుంచీ "గయా!" అని అరిచేవాళ్లు. ఆ అరుపు నా చెవుల్లో కాదు, ఛాతీలో వినబడేది. భయ్యా కూడా వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాగి, హిందీలో అడిగాడు: "కాకా, కాలినంక కరోనా ఏ రంగులో ఉంటది?"

"నీ మొఖం రంగుల" అన్నాను. అతను నవ్వాడు, నేనూ నవ్వాను.

ఎవరైనా గట్టిగా అడిగితే ఒక పెద్ద డాక్టరు చెప్పాడని చెప్పేవాణ్ని. ఆ డాక్టరు నా నోట్లోనే పుట్టాడు. రోజురోజుకూ పెద్దవాడయ్యాడు. మొదట సూరత్ డాక్టరు, తరువాత ముంబై డాక్టరు. దీపావళి దాటేసరికి విమానంలో వచ్చి నాతో చాయ్ తాగిపోయాడు.

రెండో ఏడు ఎండాకాలం రోగం మొదటిసారి కంటే గట్టిగా తిరగబడింది. ఆస్పత్రులకు మనుషులు చాలక ఆయమ్మలను కొత్తగా పెట్టుకున్నారు. మా బిల్డింగ్ రెండో అంతస్తులో ఉండే ఒక అమ్మాయి అలా పనికి పోయింది. మన దిక్కు పిల్లే, నేసేవాళ్ల ఇంటి కోడలు. ఒక్క అర్ర ఇల్లు. ఇంట్లో ఆమె, అత్త, ఎనిమిది నెలల కొడుకు. భర్తది పాండేసర అద్దకం మిల్లులో పని. భార్య కరోనా వార్డులో చేస్తుందని తెలిసి మిల్లువాళ్లు ఇంటికి పోతే పనికి రావద్దన్నారట. అతను మిల్లు దగ్గరే తోటివాళ్లతో ఉండిపోయాడు.

ఆమె ఒక పొద్దున నా బల్లకు దూరంగా, కరెంటు స్తంభం దగ్గర ఆగింది. నన్ను చూసి మాస్కు కిందికి దించింది. నాకు చెవులు లేవని, పెదాలు కావాలని, మా బిల్డింగులో గుర్తుంచుకున్న మనిషి ఆమె ఒక్కతే.

"పెద్దబాపు, గిది నిజమేనా?"

"ఏది బిడ్డా?"

"అట్ట మీద రాసినవు గదా. కాలుస్తనని."

బాల్కనీల్లో అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. నేను వానకోటు సర్దుకున్నాను. "నా పెట్టె కింద పడ్డది ఏదీ బతికి బట్టకట్టలే బిడ్డా" అన్నాను. పైనుంచి నవ్వులు.

"డాక్టరు చెప్పిండట?"

"చెప్పిండు."

ఆమె తల ఊపింది. కళ్ల కింద నల్లగా ఉంది. నవ్వలేదు. నేను అది చూశాను. చూసి కూడా పెట్టె దించి "గయా!" అన్నాను.

మరుసటి పొద్దున డ్యూటీకి పోతూ ఒక సంచి నా కొక్కేనికి తగిలించి పోయింది. విప్పితే ఆస్పత్రి వాసన గుప్పుమంది. ఫినాయిలు, చెమట, మందులు. ఆకాశం రంగు సల్వారు, కోటు. ఉతకలేదు. సాయంత్రం ఆమె వచ్చినప్పుడు అడిగాను.

"ఉతికినంక నీ దగ్గరికెందుకు పెద్దబాపు? నల్లా గంటసేపే వస్తది. పోరని బట్టలకే సాల్తలేవు. పన్నెండు గంటలు నిలవడి వస్త, నడుములు వట్టేసుకపోతున్నయి. నువ్వు కాలుస్తవు గదా."

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా రాలేదని అననుగాక అనను, వచ్చింది. ఆమె అప్పటికే రెండో మాట మొదలుపెట్టింది. పిల్లవాడికి కింద ఒక పన్ను మొలిచిందట, అత్త వేలు కొరికాడట. నేను ఆ పెదాల వైపు చూస్తూ నిలబడ్డాను. సంవత్సరం తరువాత ఒక మనిషి నాతో పని లేని మాట మాట్లాడుతోంది.

సరే, నేనే ఉతుకుతాననుకున్నాను. ఆమె పొద్దున సంచి తగిలించి పోగానే పైకి తీసుకెళ్లి, పట్టి పెట్టుకున్న నల్లా నీళ్లు మరగబెట్టి, సోడా వేసి, సబ్బు పెట్టి ఉతికేవాణ్ని. మిద్దె మీద టాంకీ వెనక, ఎవరి కంటా పడకుండా ఆరేసేవాణ్ని. సూరత్ ఎండ, రెండు గంటల్లో పెళపెళలాడేవి. దించి, ఇస్త్రీ చేసి, సాయంత్రానికి సిద్ధంగా ఉంచేవాణ్ని. ఆమెకు రెండే జతలు. ఒకటి ఒంటి మీద, ఒకటి నా దగ్గర.

నా తాగే నీళ్లు కూడా ఆ బట్టలకే పోశానని భయ్యాతో తరువాత చెప్పాను. అది అబద్ధం, తానం మానేశాను, అంతే. నలభై రోజులు ఉతికానని కూడా చెప్పాను. పద్దెనిమిది. ఆ పద్దెనిమిది రోజులూ నేను చాలా మంచివాణ్నని అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఇంత సేవ చేస్తున్నానే అని లోలోపల మురిశాను. నిజమేమంటే, నాకు బోర్డు దించబుద్ధి కాలేదు. బోర్డు దిగితే ఆమె సంచి రాదు, సంచి రాకపోతే సాయంత్రం స్తంభం దగ్గర ఆ ఐదు నిమిషాలు లేవు. ఆ ఐదు నిమిషాల కోసం రోజంతా నిలబడేవాణ్ని.

పద్దెనిమిదో రోజు సాయంత్రం సంచి కోసం ఆమె రాలేదు, అత్త వచ్చింది. ఆ అత్త ఒకప్పుడు ఖాతాలో కండెలు చుట్టిన మనిషి. నోరు పెద్దది. మాస్కు ఎప్పుడూ గడ్డానికే ఉంటుంది.

"ఓ అన్నా, నీ పుణ్యమా అని మా కోడలికి సగం పని తప్పింది" అంది బల్ల మీద చెయ్యి ఆనించి.

"ఏంది చెల్లె గట్లంటవు?"

"లేకుంటే ఏంది? మొదాలు గీ మెట్ల కింది బాత్రూంలనే బట్టలు విడిచి, గాడనే నానవెట్టి, తల మీంచి తానం చేసినంకనే పైకి వస్తుండె. పోరడు ఏడ్చినా ముట్టకపోతుండె. ఇప్పుడు సక్కగ పైకి వస్తది, బట్టలిడిసి ఉయ్యాల కడ్డీకి ఏస్తది, మొఖం కడుక్కొని పోరన్ని ఎత్తుకుంటది. పొద్దుగాల పెద్దబాపు కాలుస్తడు గదా అంటది."

"ఉయ్యాల కడ్డీకా?"

"మరి యాడ ఏస్తం? ఒక్క అర్ర. నీ కొడుకుల బంగ్లాల దండెం గడతమా?"

ఆమె తన మాటకు తనే నవ్వుకుంటూ సంచి పట్టుకొని పోయింది. వాళ్ల అర్ర నేను ఇదివరకు చూసిందే. పై కప్పు కింద ఇనుప కడ్డీ, దానికి పాత చీరతో కట్టిన ఉయ్యాల. ఆ కడ్డీకి రాత్రంతా వేలాడే ఆస్పత్రి కోటు చేతులు ఎక్కడి దాకా వస్తాయో నాకు తెలుసు. రోజూ ఆ చేతులను నేనే ఇస్త్రీ చేస్తున్నాను కదా, వాటి పొడవు నాకు తెలియదా? నేను పొద్దున ఉతికిందంతా రాత్రి గడిచాక ఉతికిందే. పద్దెనిమిది రాత్రులు.

బొగ్గుల్లో నీళ్లు పోయలేదు. బల్ల మడవలేదు. ఆమె వచ్చే దారి చూస్తూ మెట్లకు అడ్డంగా నిలబడ్డాను. ఇంకా వెలుగు ఉండగానే వచ్చింది. స్తంభం దగ్గర ఆగి, అలవాటుగా మాస్కు దించింది.

"ఏంది పెద్దబాపు, అత్తమ్మ తీస్కపోలేదా బట్టలు?"

"తీస్కపోయింది. నువ్వు పైకి పోకు బిడ్డా. గీ బట్టలతోటి పోకు."

"ఎందుకు?"

"నా పెట్టె ఏదీ కాలుస్తలేదు. అంత అబద్ధం."

ఆమె నవ్వింది. "మస్తు అలసిపోయి వచ్చిన పెద్దబాపు. రేపు ఆడుదువు నీ ఆట."

"ఆట గాదు."

"మొన్న నీ పెద్దకొడుకు దుబాయిల ఏసీ కింద పండుకుంటడంటివి. అంతకుముందు డాక్టరు ఇమానంల వచ్చిండంటివి. నీ మాటలల్ల ఏది ఆటనో ఏది గాదో నాకెట్ల తెలవాలె?"

నేను రెండు చేతులూ చాచి మెట్లకు అడ్డం నిలబడి ఉన్నాను కదా, బాల్కనీల వాళ్లు చూశారు. కొత్త ఖేల్ అనుకున్నారు. ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఎవరో పైనుంచి "గయా!" అని అరిచారు.

నేను ఉరికి బల్ల దగ్గరికి పోయి, కింద దాచిన తడి గుడ్డ లాగి, అందరికీ కనబడేట్టు పైన పరిచి, పెట్టె దించాను. సుయ్‌మంది. ఆవిరి లేచింది. "గిదే! గీ తడి పాత గుడ్డ! ఇంకేం లేదు!" అని నేను అరిచాను. నాలుగంతస్తులూ "గయా!" అన్నాయి. చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లలో నేను ఆడిన ఆటల్లో ఏ ఆటకూ అన్ని చప్పట్లు రాలేదు.

ఆమె కూడా సగం నవ్వుతూనే ఉంది. "మరి డాక్టరు?"

"డాక్టరు లేడు."

"పెద్ద డాక్టరంటివి."

"లేడు బిడ్డా. నాకు కొడుకులు గూడ లేరు. నలుగురు గాదు, ఒక్కడు గూడ లేడు."

ఆ మాటతో ఆమె నవ్వు ఆగింది. ఎందుకో డాక్టరు లేడన్నది నమ్మలేదు కానీ, కొడుకులు లేరన్నది వెంటనే నమ్మింది.

"మరి నా బట్టలు? ఇన్నొద్దులు నా బట్టలేం చేసినవు?"

"ఉతికిన." చేతులు చూపించాను. సోడాకు వేళ్ల సందుల్లో తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. "రోజు ఉతికిన. టాంకీ ఎనక ఆరేసిన."

ఆమె నా చేతుల వైపు చూసింది. తరువాత రెండో అంతస్తు వైపు చూసింది. పెదాలు మెల్లగా కదిలాయి. "నేను ఉయ్యాల కడ్డీకి ఏస్తున్న."

"తెలిసింది. ఇప్పుడే తెలిసింది, గందుకే చెప్తున్న."

"ఇప్పుడు తెలిసిందా? మొదటినాడు ఉతికినప్పుడు తెల్వదా నీకు, ఉతకాల్నని?"

ఎంత పెద్ద మాటైనా అల్లగలిగే నా నోటికి ఆ పూట ఒక్క అబద్ధం కూడా దొరకలేదు.

ఆమె మాస్కు పైకి లాక్కుంది. పై అంతస్తు వైపు ఏదో కేక వేసింది. అత్త ఒక పాత చీర మూటగట్టి కిందికి విసిరింది. ఆమె మెట్ల కింది బాత్రూంలోకి పోయి తలుపు వేసుకుంది. బాల్కనీల వాళ్లు ఆట ఇంకా ఉందేమోనని చాలాసేపు నిలబడ్డారు.

రెండు రోజుల తరువాత పిల్లవాడికి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది.

నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున రెండో అంతస్తు కటకటాల దగ్గర అత్త కనబడింది. నేను కింద నిలబడి చూస్తున్నానని చూసి, ఒక్క క్షణం ఆగి, అరచేతిని గాలిలో బోర్లించి చూపించింది. ఖాతాలో సాంచెల మోతకు మాట వినబడదు, అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. బోర్లించిన చెయ్యి అంటే సాంచె ఆగింది అని. తరువాత పిల్లవాణ్ని ఎత్తుకున్నట్టు చేతులు ఆడించి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. నాకు అర్థమైంది.

ఆ రోజు బొగ్గులు రాజేయలేదు. పైకి పోయి తలుపు తట్టే మొహం నాకు లేదు. మెట్ల దగ్గర కూర్చున్నాను. మరునాడూ కూర్చున్నాను. అదే చెయ్యి, బోర్లించింది. పోగు తెగితే ముడి వేసే విద్య నలభై ఏళ్లు చేశాను. ఇది తెగితే నా చేతిలో ఏముంది? నా జీవితంలో ఎప్పుడూ ఒక్క దేవుణ్ని నిజంగా ఏదీ అడగలేదు, అడిగినట్టు నటించాను. ఆ రెండు రోజులు అడిగాను.

మూడో రోజు పొద్దున అత్త కటకటాల దగ్గరికి వచ్చి, చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పింది. సాంచె నడుస్తుంది అని. ఆ వేలు తిరుగుతుంటే నా ఏడుపు ఆగలేదు.

ఆస్పత్రిలో పరీక్ష చేయించారట, లేదని వచ్చిందట, పళ్లు వచ్చేటప్పుడు వచ్చే జ్వరమే కావచ్చునట. తరువాత భయ్యా ఒక కాగితం మీద హిందీలో రాసి చూపించాడు. నాకు ఊరట కలిగింది. కానీ లేదని వచ్చినంత మాత్రాన నేను చేసింది లేకుండా పోలేదు. ఆ పిల్లవాడు బతకడంలో నా గొప్ప ఏమీ లేదు.

బోర్డు చింపి బొగ్గుల్లో వేశాను. నోటి ఫువారా లేదు, వానకోటు లేదు. భయ్యా ఎప్పుడో ఇచ్చిన స్ప్రే బాటిల్ దుమ్ము తుడిచి వాడుతున్నాను. బాల్కనీల వాళ్లు కొన్నాళ్లు అడిగారు, ఖేల్ ఎందుకు ఆపావని. ఒక పెద్దాయన వచ్చి, మాస్కు దించి, గుజరాతీలో అన్నాడు: "కాకా, అది అబద్ధమని మాకు మొదటి రోజే తెలుసు. నవ్వుకోవడానికి చూశాం. మళ్లీ మొదలుపెట్టు."

అందరికీ తెలుసు. భయ్యాకు తెలుసు, వరాఛా అతనికి తెలుసు. బాల్కనీలో చాయ్ తాగుతూ పైనుంచి చూసేవాళ్లకు తమాషా తమాషాగానే కనబడుతుంది. పన్నెండు గంటలు వార్డులో నిలబడి వచ్చిన మనిషికి అంత తీరిక ఎక్కడిది? ఎవరికో ఒకరికి నమ్మాలనిపించేంత అలసట ఉంటుందని నాకు తోచలేదు. నా ఆటను నిజమని నమ్మిన మనిషి ఆ గల్లీ మొత్తంలో ఒక్కతే. నాతో రోజూ నిలబడి మాట్లాడిన మనిషీ ఒక్కతే.

ఆ తరువాత ఆమె నా బల్ల దగ్గరికి రాలేదు. ఎవరి దగ్గరికీ పోలేదు. ఆస్పత్రిలోనే ఒక నల్లా చూసుకుందో ఏమో, డ్యూటీ అయ్యాక అక్కడే బట్టలు ఉతుక్కొని, వేరే చీర కట్టుకొని, తడి బట్టల సంచి భుజాన వేసుకొని వచ్చేది. ఆ సంచి లోంచి నీళ్లు కారేవి. గల్లీ మొదట్నుంచి, భయ్యా బల్ల దాటి, నా బల్ల దాటి, మెట్ల దాకా ఒక్కొక్క చుక్క.

మొదటిసారి ఆ చుక్కలు చూసినప్పుడు బల్ల వదిలి వచ్చి వంగి చూశాను. వేలు పెట్టి వాసన చూశాను. సబ్బు వాసన.

అలా వర్షాకాలం దాకా నడిచింది. ఒక సాయంత్రం నా ముందు నుంచి పోతూ ఆమె అడుగు కొంచెం నెమ్మది చేసిందనీ, నా వైపు తలతిప్పి చూసిందనీ రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. భయ్యాకు అలాగే చెప్పాను. అతను సంతోషపడ్డాడు కూడా.

చూడలేదు. సంచి ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది, మెట్లెక్కి పోయింది. నేను బల్ల మీది అంగీ కాలరు మళ్లీ ఒకసారి దిద్దాను.